తొమ్మిదో ప్రశ్న

సొరకాయ చెక్కు తీస్తున్న బాల ఒళ్ళో భాస్కరం నాలుగు టైపు కాగితాలు పడేసి, "ఖాళీగానే ఉన్నావుగా, సాయంత్రానికి కాస్త తెలుగు చేసిపెట్టు" అన్నాడు.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పంపు దగ్గర రెండు బకెట్ల బట్టలు నానుతున్నాయి. ఇస్త్రీకి ఆరు చొక్కాలు మంచం మీద కుప్పగా పడున్నాయి. ఆ ఇంట్లో ఖాళీ లేని మనిషి ఒక్కరే, పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని పేపరు చదివే ఆయన. బాల కత్తిపీట పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని కాగితాలు అందుకుంది. ఇంగ్లీషు లెక్చరరుగారి భార్యకి ఇలాంటివి కొత్త కాదు. ఆయన దిద్దాల్సిన పరీక్ష పేపర్లలో మార్కులు కూడింది ఆవిడే. ఆయన రేడియోలో చదివిన ప్రసంగం రాసిందీ ఆవిడే. తెలుగు ఎమ్మే ఫస్టు క్లాసు. పెళ్ళిచూపుల్లో ఆ మాట విని అత్తగారు, "చదువుదేముందమ్మా, ఇంట్లో ఓ మూల పడుంటుంది" అన్నారు. ఆవిడ నోటి చలవో ఏమో, పదకొండేళ్ళుగా అది ఓ మూలే పడుంది.

కాగితాల్లో పదిహేడు ప్రశ్నలున్నాయి. విశాఖపట్నం నుంచి వచ్చిన మనోవైద్యుడు డాక్టర్ శరత్‌చంద్రగారు ఇచ్చినవి. తుఫాను వచ్చి అది రెండో వేసవి. కోనసీమలో ప్రాణాలతో మిగిలినవాళ్ళ మనసులు ఇంకా ఎంత దెబ్బతిని ఉన్నాయో ఆ పదిహేడు ప్రశ్నలతో కొలుస్తారట. యుద్ధం చూసిన బోస్నియాలోనూ, కంబోడియాలోనూ ఇవే ప్రశ్నలు అడిగారట. ఒక్కో జవాబుకి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. పీడకలలు వస్తున్నాయా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా? అక్కడ బాల కలం ఆగింది. ఇష్టమైన పనులేవో ఒకటి రెండు గుర్తు తెచ్చుకుందామని చూసింది. ఇంతలో అన్నం పొంగింది.

తొమ్మిదో ప్రశ్న మాత్రం ఆగకుండా వచ్చేసింది. 'తలుపు గడియ వేసి ఉందో లేదో పదేపదే చూసుకుంటున్నారా?'

అలా తెలుగు చేసినదాన్ని, అసలు ఇంగ్లీషు కాగితం చూడని ఇంకొకరు మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో బయటపడుతుంది. డాక్టరుగారు ఇదంతా ఎంతో శ్రద్ధగా చెప్పి వెళ్ళారు. భాస్కరం అంతకంటే శ్రద్ధగా, అసలు కాగితం ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నదే అటూ ఇటూ తిప్పి రాసి, కింద తన స్నేహితుడు అచ్చిబాబు చేత సంతకం పెట్టించాడు. తెలుగు చేసినదాని కింద తన పేరు రాసుకున్నాడు.

"అద్దంలో చూసుకున్నట్టుందండీ! ఏ దేశంలోనూ ఇంత దగ్గరగా రాలేదు" అన్నారు డాక్టరుగారు మళ్ళీ వచ్చినప్పుడు.

"భాష మీద పట్టుంటే అంతేనండి" అన్నాడు భాస్కరం వినయంగా.

కాఫీ పళ్ళెం పట్టుకుని నుంచున్న బాలకి ఆ వినయం చూసి నవ్వొచ్చింది. ఒళ్ళు కూడా మండింది.

"ఆడవాళ్ళని అడగడానికి తెలుగు బాగా వచ్చిన ఆవిడెవరైనా ఉంటే బాగుండునండి" అన్నారు డాక్టరుగారు.

"మా ఆవిడ వస్తుంది లెండి, ఖాళీయే. మీ పరిశోధన పేపరు అచ్చయ్యేటప్పుడు నా పేరు మాత్రం మర్చిపోకండి" అన్నాడు భాస్కరం.

ఇల్లు దాటి వెళ్ళడం బాలకి అంత సులువుగా కుదిరింది. మామూలు రోజుల్లో అయితే అదయ్యే పని కాదు. భాస్కరం తొమ్మిదిన్నరకి కాలేజీకి వెళ్తూ బయట గొళ్ళెం పెట్టి తాళంకప్ప వేస్తాడు. లోపల బాల ఉంటుంది. సాయంత్రం ఐదింటికి వచ్చి తీస్తాడు. పెళ్ళైన కొత్తలో ఒక మధ్యాహ్నం లోపలి గడియ వెయ్యకుండా నిద్రపోయిందని మొదలైన అలవాటు. "మతిమరుపు మనిషివి. ఎవడైనా జొరబడితే?" అన్నాడు. ఒక్కసారి మర్చిపోయినందుకు పదకొండేళ్ళ తాళం. అత్తగారికి చెబితే, "వాడికి నువ్వంటే ఎంత అపురూపమో చూశావా! బీరువాలో బంగారంలా దాచుకుంటున్నాడు" అని మురిసిపోయారు. బాల కూడా కొన్నాళ్ళు మురిసిపోవడానికి ప్రయత్నించింది. అబద్ధం ఎందుకు, కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా.

ఆ వారంలోనే ఒకరోజు భాస్కరం తెల్లచొక్కా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఈ తుప్పు మరకేంటి కాలరు మీద? చేతులు కడుక్కోకుండా ఇస్త్రీ చేస్తావా?" బాల తన చెయ్యి చూసుకుంది. కుడిచేతి వేళ్ళ చివర్లు ఎర్రగా తుప్పు రంగులో ఉన్నాయి. బకెట్ పిడిది అంటుకుని ఉంటుందనుకుంది. తర్వాత గుర్తొచ్చింది, బకెట్లు రెండూ పిడులతో సహా ప్లాస్టిక్‌వే.

*

రాజమండ్రిలో బయల్దేరిన జీపు రావులపాలెం వంతెన దాటి, అమలాపురం మీదుగా సముద్రం వైపు వెళ్ళింది. అమలాపురంలో బాల తల తిప్పలేదు. తుఫాను నాటికి బాల వాళ్ళు అక్కడే ఉండేవారు.

గోగులమెరక అనే ఆ ఊరు ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది. కొబ్బరిచెట్లు కూలిన చోట మోళ్ళు మిగిలాయి. తుఫాను తర్వాత గవర్నమెంటు కట్టించిన సిమెంటు ఇళ్ళు రెండు వరసలుగా ఉన్నాయి. ఊరి మలేరియా వర్కరు లాజరు వాళ్ళకి ఇళ్ళు చూపించడానికి వచ్చాడు. జీపు దిగగానే బాలతో ఒక మాట చెప్పాడు.

"లోపలికెళ్ళాక తలుపు దగ్గరగా వెయ్యకండమ్మగారూ. గాలికి మూసుకుంటున్నా సరే, మీరు మాత్రం చెయ్యెయ్యకండి."

"ఎందుకని?"

"వెయ్యకండంతేనండి."

మిట్ట మధ్యాహ్నం. రెండు వరసల్లోనూ ఆకుపచ్చ రంగు వేసిన తలుపులు బార్లా తెరిచున్నాయి. మూసిన తలుపు ఒక్కటీ లేదు. పనికెళ్ళిపోయి ఎవరూ లేని ఇళ్ళు కూడా అలాగే తెరిచి ఉన్నాయి. సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడు అన్ని తలుపులూ ఒకేసారి కొంచెం కదిలి మళ్ళీ వెనక్కి వెళ్తున్నాయి. ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషీ గుమ్మంలోనే కూర్చుంది. గుమ్మంలో కూర్చోకూడదని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన బాలకి, వరసగా అంతమంది అలా కూర్చుని తనకేసే చూస్తుంటే, నడక దానంతటదే నెమ్మదించింది. దగ్గరికెళ్ళి చూస్తే ఇంకొకటి కనబడింది. తలుపులకి గడియల్లేవు. గడియ ఉండాల్సిన చోట నాలుగు మరమేకుల బొక్కలు మాత్రం ఉన్నాయి. ఈ ఇంటికీ అంతే, పక్కింటికీ అంతే.

ప్రశ్నల్ని రాసింది రాసినట్టు చదవాలని డాక్టరుగారు ముందే చెప్పారు. "సొంత మాట ఒక్కటి కలిపినా కొలత చెడిపోతుందండి. తూకంరాయి ఏ ఊళ్ళో అయినా ఒకే బరువుండాలి కదా." ఆ మాటలో తప్పేముంది? బాల రాసింది రాసినట్టే చదివింది.

"పీడకలలు వస్తున్నాయా?"

"మావోళ్ళు కల్లోకి రారండి. వస్తే బాగుణ్ణు" అంది మొదటింటి ఆవిడ. జవాబు 'లేదు'. మార్కు సున్నా.

"ఆ సంఘటన గుర్తొచ్చే చోట్లకి వెళ్ళకుండా తప్పించుకుంటున్నారా?"

"ఎక్కడికెళ్తామండి? ఈడే ఉంటాం కదా." సున్నా.

"ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా?"

"ఇష్టమైన పనులంటే ఏంటండి?"

వివరించకూడదు. బాల ప్రశ్న మళ్ళీ చదివింది. ఆవిడ జాలిగా నవ్వి, "లేదని రాసుకోండి" అంది.

"తలుపు గడియ వేసి ఉందో లేదో పదేపదే చూసుకుంటున్నారా?"

"లేదండి."

ఆ ఒక్క జవాబూ అందరూ వెంటనే చెప్పారు. ఒకే గొంతుతో చెప్పినట్టు చెప్పారు. రెండు వారాల్లో ముప్ఫై రెండు ఇళ్ళు తిరిగితే ముప్ఫై రెండు 'లేదండి'లు. జీపులో కాగితాలు కూడుతూ డాక్టరుగారు బుర్ర గోక్కున్నారు.

"సగటు పద్నాలుగు కూడా రావట్లేదండి. కనీసం ముప్ఫై ఉంటేగాని ఇక్కడ వారం వారం డాక్టరు వచ్చే కేంద్రం పెట్టమని నేను సిఫారసు చెయ్యలేను. లెక్క ప్రకారం వీళ్ళు మనకంటే ఆరోగ్యంగా ఉన్నారు."

ముందు సీట్లో ఉన్న లాజరు వెనక్కి తిరగలేదు. రోడ్డుకేసి చూస్తూనే చెప్పాడు. "పోయినేడాది ఇద్దరు ఆడోళ్ళు ఏట్లోకి దిగిపోయారండి. పట్టపగలే. అన్నం వండి, గిన్నె మీద మూతెట్టి, నడుచుకుంటా ఎల్లిపోయారు. మొన్న మాఘంలో ఇంకోవిణ్ణి మేవే లాక్కొచ్చాం. ఆవిడక్కూడా మీరు పదకొండు మార్కులేశారు."

డాక్టరుగారు చెడ్డవాడు కాడు. కూడికలు మళ్ళీ మొదటి నుంచి చూశారు. "మాటలు సరిగ్గానే ఉన్నాయి కదండీ" అన్నారు.

మాటలు సరిగ్గానే ఉన్నాయి. అది బాలకి బాగా తెలుసు.

*

ముప్ఫై మూడో ఇల్లు పాపాయిది. నలభై ఏళ్ళుంటాయేమో. బాల పదిహేడు ప్రశ్నలూ చదివింది. పాపాయి పద్నాలుగు మార్కులకి సరిపడా జవాబులు చెప్పింది. బాల లేవబోతూ, రాసింది రాసినట్టు చదవాలన్న నియమాన్ని మొదటిసారి తప్పింది.

"పాపాయీ, మీ ఊళ్ళో గడియలన్నీ ఏమయ్యాయి?"

పాపాయి లేచి లోపల్నుంచి ఒక వెదురుగంప తెచ్చి బాల ముందు దించింది. గంప నిండా గడియలే. కొత్తవి, తుప్పు పట్టినవి, ఇనపవి, ఇత్తడివి. వాటికే వేలాడుతూ మరలు. సముద్రపు గాలికి అన్నీ చెమటపట్టినట్టు తడిగా ఉన్నాయి.

"ఎవరింట్లోది ఆళ్ళు ఊడదీసి ఇక్కడెట్టి పోతారండి. తుపాను వచ్చి ఏడాదైన రోజున అప్పటిదాకా ఉన్నయ్యన్నీ సముద్రంలో ఏసేశాం. మళ్ళీ ఎవరో కొత్తగా ఏయించుకుంటారు, నెల తిరక్కుండా ఊడదీసి తెత్తారు."

"ఎందుకు?"

పాపాయి గుమ్మంలో కూర్చుని మామూలుగా చెప్పింది. బియ్యంలో రాళ్ళేరుతూ చెప్పే కబుర్లలాగే చెప్పింది. "గాలి పెద్దదైపోతందని మా ఆయన గెడేశాడండి. పిల్లలిద్దరూ లోపలున్నారు. గేదె పలుపు విప్పుదావని నేను బయటికొచ్చాను. గాలికి గోడ ఒరిగిందండి, పడలేదు. ద్వారబంధం ఒంకరపోయింది. గెడ రాలేదు. ఇటునుంచి నేను తోత్తన్నాను, అటునుంచి ఆయన లాగుతున్నాడు. టక్కు టక్కుమని కొడతన్నాడు గెడని. ఆ గాలిలో కూడా అదొక్కటే వినబడిందండి నాకు. తర్వాత నీళ్ళొచ్చాయి." కొంచెం ఆగింది. "ఇంచుమించు అన్నిళ్ళల్లోనూ అంతేనండి. గెడేసుకున్నోళ్ళు పోయారు. బయటున్నోళ్ళం మిగిలాం. ఇప్పుడు కూడా నాలుగింటికి గాలి తిరిగినప్పుడు వినబడుద్ది. గెడలు లేవు కదా, మరి కొట్టేదెవరంటారు?"

గాలి అప్పుడే తిరిగింది. వరసలో తలుపులన్నీ కదిలాయి. టక్కు. ఎక్కడో దగ్గర్లోనే. టక్కు టక్కు. గంపలో గడియలు కదల్లేదు, బాల చూస్తూనే ఉంది. ఆ వరసలో గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళందరి చేతులూ తలుపుల మీదికి వెళ్ళాయి. తెరిచే ఉన్న తలుపుల్ని ఇంకాస్త తెరిచి పట్టుకున్నాయి.

అప్పుడు బాలకి తెలిసింది. వీళ్ళు రోజుకి వందసార్లు తలుపు చూసుకుంటున్నారు. వేసి ఉందా అని కాదు, తెరిచి ఉందా అని. బోస్నియాలో భయం బయటినుంచి లోపలికి వచ్చింది. అందుకే అక్కడ గడియ చూసుకుంటారు. ఇక్కడ భయం లోపలే ఉండిపోయింది. మాటలు సరిగ్గానే ఉన్నాయి, తలుపులే వేరు. ఆ ప్రశ్నకి వీళ్ళు 'లేదండి' అన్నది అక్షరాలా నిజం. ఆ నిజానికి బాల ముప్ఫై మూడుసార్లు సున్నా వేసింది.

"పాపాయీ, మరి మిమ్మల్ని ఏమని అడగాలి?"

"ఇన్ని ఎందుకమ్మా? ఒక్కటడగండి చాలు. ఇంట్లో ఉన్నప్పుడు నీ చెయ్యెక్కడుంటాది అని అడగండి." పాపాయి బాల మొహంలోకి చూసింది. తర్వాత చూపు కిందికి దించింది. "మీరు కూడా చూసుకోండి. వచ్చిన కాణ్ణించి చూత్తన్నాను."

బాల చూసుకుంది. కాగితాలు ఎడమచేతిలో ఉన్నాయి. కుడిచెయ్యి పక్కనున్న తలుపు అంచుని పట్టుకుని ఉంది. మెటికలు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆవిడకి తెలియదు.

"మీరు లోపలున్నారా, బయటున్నారా ఆ రోజు?" అని అడిగింది పాపాయి.

"లోపల" అంది బాల.

*

ఆ కథ బాల నోటి నుంచి ఎవరూ వినలేదు. భాస్కరం నోటి నుంచి విననివాళ్ళు లేరు. ఆ రోజు ఆయన సెమినారుకని కాకినాడ వెళ్తూ అమలాపురం పెంకుటింటికి ఎప్పటిలాగే తాళం వేశాడు. మధ్యాహ్నానికి గాలి మొదలైంది, పొద్దుగూకేసరికి పెంకులు ఎగిరిపోయాయి. తలుపు లాగితే రెండు వేళ్ళ సందు వచ్చేది, అంతే. ఆ సందులోంచి కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే పడిపోవడం చూసింది. అరిచింది. ఎవరికి వినబడుతుంది? మర్నాడు మధ్యాహ్నం పక్కింటివాళ్ళు గునపంతో తాళం పగలగొడితే బయటికొచ్చింది. మూడోరోజు భాస్కరం వచ్చాడు. గుమ్మంలో నుంచుని, పైన ఆకాశం కనిపిస్తున్న ఇంట్లోకి చూసి, "పుస్తకాలు తడిశాయా?" అన్నాడు. ఆ తర్వాత, "తాళం ఎవరు పగలగొట్టారు?" అన్నాడు.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పే కథ వేరు. "మా ఆవిడ ప్రాణం తాళమే కాపాడిందండి! లేకపోతే కంగారుమనిషి, బయటికి పరిగెత్తి ఏ కొబ్బరిచెట్టు కిందో పడేది." అందరూ నవ్వేవారు. కాఫీ ఇస్తూ బాల కూడా నవ్వేది. అలా ఎన్నిసార్లు నవ్విందో! తనని ఇంట్లో పెట్టి తాళం వేసినవాడికి తన ప్రాణమే బాకీ ఉన్నట్టు, ఏడాదిన్నరగా నవ్వుతూనే ఉంది.

రాజమండ్రిలో ఇప్పుడుంటున్నది మేడమీది వాటా. మర్నాడు జీపు రాని రోజు. తొమ్మిదిన్నరకి బయట తాళం పడింది. బాల అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. మధ్యాహ్నం రెండయింది. కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక ఇల్లంతా సద్దు మణిగింది. అప్పుడు వినబడింది.

టక్కు. టక్కు టక్కు.

గోగులమెరక నుంచి తన వెంట వచ్చేసిందా అనుకుంది. చప్పుడు చాలా దగ్గరగా, మొహానికి ఎదురుగానే ఉంది. బాల తనెక్కడుందో చూసుకుంది. తాను వంటింట్లో లేదు. వీధి తలుపు ముందు నుంచుని ఉంది. కుడిచెయ్యి లోపలి గడియని పట్టుకుని ముందుకీ వెనక్కీ కొడుతోంది. బయట తాళం ఉన్న తలుపుకి లోపల గడియతో ఏం పని? అయినా కొడుతూనే ఉంది. ఆపమంటే ఒక క్షణం దాకా ఆ చెయ్యి తన మాట వినలేదు. గడియ చుట్టూ రంగు ఊడిపోయి, కింద కొయ్య నున్నగా అరిగిపోయి ఉంది. అది ఒక్కరోజు అరుగుదల కాదు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి మధ్యాహ్నం ఇక్కడే నుంచుంటోందన్న మాట. వేళ్ళకి తుప్పు. చొక్కా కాలరు మీద తుప్పు. తన ఇంట్లో తనకి తెలియకుండా తిరుగుతున్న మనిషి తనే.

ఎంతసేపు ఏడ్చిందో లెక్కలేదు. లేచి మొహం కడుక్కుంది. ఒక ఖాళీ ప్రశ్నల కాగితం తీసి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు పైకి చదివింది. రాసింది రాసినట్టే చదివింది. నిజమే చెప్పింది. 'ప్రాణం పోతుందనిపించిన సంఘటన ఏది?' అన్న చోట యుద్ధం, వరద, తుఫాను, అగ్నిప్రమాదం, ఇతరములు అని గళ్ళున్నాయి. కలం తుఫాను దాకా వెళ్ళి, దాన్ని దాటి కిందికి దిగింది. మార్కులు కూడితే అరవై ఎనిమిదికి యాభై ఒకటి వచ్చింది. రెండోసారి కూడినా అంతే వచ్చింది. కన్నబిడ్డల్ని నీళ్ళకిచ్చిన పాపాయికి పద్నాలుగు. మేడమీద ఫ్యాను కింద ఉన్న తనకి యాభై ఒకటి. ప్రశ్నలు తనలాంటి చదువుకున్న మనిషి నోట్లో ఇమిడినట్టు పాపాయి నోట్లో ఇమడలేదు. అంతేగాని పాపాయి బాధ తక్కువా కాదు, తనది ఎక్కువా కాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ పక్కన పెట్టాలంటే తన కాగితం బయటికి వెళ్ళాలి. అది బయటికి వెళ్తే భాస్కరం కథ ఇంక ఎక్కడా చెల్లదు. దాచుకుంటే గోగులమెరకకి డాక్టరు రాడు, ఇంకెవరో అన్నం గిన్నె మీద మూత పెట్టి ఏటికేసి నడుస్తారు. బాల ఆ సాయంత్రమంతా ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచి, తీసి, మళ్ళీ దాచి, మళ్ళీ తీసింది.

పొద్దున్న భాస్కరం స్నానానికి వెళ్ళాడు. బాల కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని వీధి తలుపు బయటికి వచ్చింది. గొళ్ళేనికి నాలుగు మరలు. మొదటిది మొరాయించింది, మిగతా మూడూ తేలిగ్గానే వచ్చాయి. గొళ్ళెం చేతిలోకి వచ్చాక ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయింది. చేతిసంచిలో కాగితాల పక్కన పడేసుకుంది. కింద జీపు హారను మోగింది.

భాస్కరం తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. వేలికి తాళంచెవుల గుత్తి ఉంది. తలుపు కేసి చూసి ఆగిపోయాడు.

"గొళ్ళెం ఏదీ?"

"తీసేశానండి."

"తీసెయ్యడమేంటి? ఇప్పుడు తాళం ఎలా వెయ్యను? లోపల పుస్తకాలున్నాయి!"

"తడిసినా ఆరతాయి లెండి."

"మతి గానీ పోయిందా నీకు?"

"లేదండి. నిన్న కొలుచుకున్నాను" అంది బాల. మెట్లు దిగింది.

జీపు వంతెన దాటుతుండగా డాక్టరుగారికి రెండు విషయాలు చెప్పింది. తెలుగు చేసింది తనేనని, మళ్ళీ ఇంగ్లీషు చేసినవాళ్ళు అసలు కాగితం ఎదురుగా పెట్టుకునే చేశారని. ఆయన కోప్పడతారనుకుంది. ఆయన తల మాత్రం ఊపారు. అప్పుడు రెండు కాగితాలూ ఆయన ఒళ్ళో పెట్టి, గడియల గంప గురించీ, పాపాయి అడగమన్న ప్రశ్న గురించీ చెప్పింది. ఆయన ఒకదాన్నుంచి ఒకదానికి చూస్తూ చాలాసేపు చదివారు.

"పదిహేడూ అలాగే ఉంచి, ఆవిడ ప్రశ్న పద్దెనిమిదోదిగా చేర్చుదామండి. మొదటింటి నుంచి మళ్ళీ అడుగుదాం. అది తేలేదాకా ఈ ఊరి లెక్క ఎవరికీ పంపను" అన్నారు. తర్వాత రెండో కాగితం పైకెత్తారు. "ఈవిడెవరండి? యాభై ఒకటి... పేరు రాయలేదు. ఇతరములు అన్న చోట 'తాళం' అని ఉంది. తుఫాను బాధితురాలేనా?"

జీపు తలుపు మీద తన చెయ్యి ఉందేమోనని బాల చూసుకుంది. ఒళ్ళోనే ఉంది.

"నేనేనండి. తుఫాను ఒక్క రాత్రితో వెళ్ళిపోయింది."